నాలుగో అధ్యాయం ప్రూఫు

నా నవలలో డాక్టరే గెలుస్తాడు.
గెలిపించడానికి మూడేళ్ళు పట్టింది నాకు.
కాశిమేడు రేవు వెనక సందులో,
ఐసు పెట్టెలు కారిన నీళ్ళూ మురుగూ ఒకే కాలవలో పారే చోట,
వాంతులూ విరేచనాలూ మొదలైన ఆ ఆడి నెలలో
ఆయన చేతిలో మైక్రోస్కోపు,
నోట్లో నేను నూరి పెట్టిన వాక్యాలు.
ఎదురుగా గంగమ్మ గుడి నాగూరమ్మ.
వేపమండ పట్టుకుని
"అమ్మ వచ్చిందయ్యా, అడ్డు రాకు" అనడానికి మాత్రమే
నేను పుట్టించిన మనిషి.

పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో
టైర్ల కొట్టు మేడ మీద ప్రెస్సు.
ముప్పయ్యొక్క ఏళ్ళుగా అక్కడ దీవెనమ్మ గారు
ఒత్తులకీ దీర్ఘాలకీ కాపలా.
ఎవరి నవలనీ బాగుందనలేదు, బాగోలేదనీ అనలేదు.
నా నాలుగో అధ్యాయం మార్జిన్లో మాత్రం ఎర్ర సిరా:
"ఇది అచ్చుతప్పు కాదు, అయినా రాస్తున్నాను.
ఈ పేజీలో డాక్టరు గారికి ఇరవై రెండు వాక్యాలు.
ఆమెకు మూడు. వాటిలో రెండు ఏడుపులు.
ఓడిపోయిందా, మీరు మాట్లాడనివ్వలేదా?"

కోపం వచ్చింది.
బస్సులో నిలబడే జవాబు తయారుచేసుకున్నాను,
ఉపమానాలతో సహా.

నేను వెళ్ళేసరికి భోజనం వేళ.
ఆమె చీర కుచ్చిళ్ళ పక్కన కాస్త కండ పట్టుకుని
ఇన్సులిన్ గుచ్చుకుని, పదిదాకా లెక్కపెట్టి
సూదిని హార్లిక్స్ సీసాలో వేసింది.
క్యారియరు విప్పింది.
కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి.
అన్నం మీద ఆవిరి తగ్గేదాకా కదిలాయి.

"ఇప్పుడు చెప్పండి, మీకు పనిచేసేది ఏది?
సూదా, ప్రార్థనా?"

"సూదే," అంది, ఒక్క క్షణం తడుముకోకుండా.

"మరి..."

"ఆకలేస్తోంది సార్. తిననివ్వండి."

మూత మీద నాకూ కాస్త నెత్తళ్ళ పులుసు పోసింది.
ఉపమానాలన్నీ జేబులోనే ఉండిపోయాయి.

ఆ రాత్రి నవల మళ్ళీ తెరిచాను.
నీళ్ళు కాచి తాగాలి. ఆ వాక్యం ముట్టుకోలేదు.
క్రిమి ఎవరి మొక్కూ వినదు, నేనూ రాజీ పడను.
కానీ నాగూరమ్మను కాసేపు మాట్లాడనిచ్చాను.
"కాచమన్నావు సరే. కట్టెలేవీ?
ఈ వానలో నలభై ఇళ్ళకి పొయ్యి ఎవరు పెడతారు?"
డాక్టరు జేబులు తడుముకున్నాడు.
అక్కడ ఆయనకు వాక్యం లేదు. నా దగ్గరా లేదు.
ఆమె గుడి వెనక్కి వెళ్ళింది.
తిరునాళ్ళకి నిప్పులు తొక్కడానికి దాచిన కట్టెలు
ఒక్కో మోపూ వీధిలోకి విసిరింది.
విసిరే ముందు అమ్మతో ఏదో అంది.
ఆ మాట నాకు వినపడలేదు. రాయలేదు.

తెల్లవారుజామున మూడింటికి
స్టాండు లేక సెలైన్ సీసాని తన చేత్తోనే ఎత్తిపట్టుకుని
డాక్టరు చుక్కలు లెక్కపెడుతున్నాడు.
పెదాలు కదులుతున్నాయి.
దూరం నుంచి చూసినవాళ్ళు
ఏమనుకుని ఉంటారో.

రెండో ప్రూఫు వచ్చింది. ఎర్ర సిరా లేదు.
ఒక్కచోట పెన్సిలు సున్నా, పక్కన ప్రశ్నార్థకం.
"మనకు మిగిలింది హేతువొక్కటే" అన్న డాక్టరు మాట
"సేతువొక్కటే" అని అచ్చయింది.
కొట్టెయ్యలేదామె. అడిగింది, అంతే.
కిటికీ కింద ఎలక్ట్రిక్ రైలు వెళ్ళి
ఇంకోటి వచ్చేదాకా ఆ ముక్కనే చూస్తూ కూర్చున్నాను.
చివరికి "హే" అనే దిద్దాను.
ఆ మనిషి సేతువుల గురించి మాట్లాడడు.
నాకు తెలుసు ఆయన సంగతి.

ఫోన్లో చెబితే "సరే సార్" అంది.
పెట్టేస్తుందనుకున్నాను.
"ఆఖరి ఫారం ఇంకా రాలేదు," అంది.
"ఆ పిల్ల బతుకుతుందా సార్?"

రాయాల్సింది నేనే.
కలం నా చేతిలోనే ఉంది.
అయినా
"చూద్దామమ్మా" అన్నాను.