బొగ్గు లెక్క

బల్దియా సంచి భుజానికేసుకొని
ముప్పై ఒక్క మార్చి నెలలు తిరిగిన నేను.
కాశిబుగ్గ, శివనగర్, మట్టెవాడ
సందులన్ని నా చెప్పులకు ఎరుకే.

మొదట్ల నన్ను జూస్తె
దర్వాజలు వాటంతటవే మూసుకునేవి.
ఒక పిలగాడు తల బయటపెట్టి
"నాయిన ఇంట్ల లేడని
నాయినే చెప్పుమన్నడు" అన్నడు.
నేను నవ్వలే. నోటీసు అంటించిన.

గప్పుడు పన్నంటె
ఎవలో అచ్చి గుంజుకపోయేది.
తాతల నాటి శిస్తు భయం
మనుమల మోకాళ్లల్ల ఇంకా ఉండె.
సర్కారు సొమ్మంటె మాత్రం
వరదల కొట్టుకచ్చిన దుంగ,
ఎవని చేతికందితె వానిది.
తీగెకు కొక్కెం తగిలించినోడు
దొంగ కాదు, తెలివిగల్లోడు.
నల్లాకు మోటరు బిగించినోన్ని
పక్కింటోల్లు తిట్టలే,
మోటరు ధరెంతని అడిగిండ్లు.

నేను గూడ అంతే.
చెప్తె సిగ్గు గని
మా ఇంటి పన్ను ఆరేండ్లు
నా సంచిలనే నిద్రపోయింది.

ఒక్క సాంబలక్ష్మి తప్ప.
బీడీలు చుట్టే చేతులతోని
చిల్లర లెక్కబెట్టి
ఏప్రిల్ మొదట్లనే ఎదురచ్చేది.
"ఎందుకవ్వా గంత తొందర?" అంటె
"పట్టా లేదు బిడ్డా,
గీ రశీదే నా ఇల్లు" అన్నది.
అందరు పన్ను కట్టిండ్లు,
ఆమె ఏడాదికో ఇటుక కట్టింది.
కార్బన్ నీలం అంటిన ఆమె వేలు
ఇయ్యాల్టికి నా కండ్లల్ల ఉన్నది.

తర్వాత గా వానకాలం.
నాలా పొంగి గల్లీలకు పడవలచ్చినయి.
బియ్యం డబ్బాల చేపపిల్ల.
నీళ్లు తీసినంక గోడల మీద
ఛాతి ఎత్తున బురద గీత,
కట్టినోనికి కట్టనోనికి
ఒక్కటే గీత.

గాడ మొదలైంది అడుగుడు.
"రెండుసార్లు బిల్లు లేసిన మోరి
ఒక్కసారన్న తవ్విండ్లా?"
అగ్గిపెట్టె చేతిల పట్టుకొని మొగిలి లేసిండు.
"నేను కట్టనోన్ని అన్నదెవడు?
గీ పుల్లల కడుతున్న, సబ్బుల కడుతున్న,
మా అమ్మ నడుం నొప్పి మందుల కడుతున్న.
పొద్దుగాల లేస్తె పండేదాక కడుతనే ఉన్న సారూ,
నీ సంచొక్కటే సర్కారా?"
నా దగ్గర జవాబు లేదు.
చిల్లర గూడ లేదు.

కొత్త సీసీ రోడ్డు పోసిన నాడు
కుట్టు మిషను టేపు పట్టుకచ్చి
నస్రీను అంచు కాడ కూసున్నది.
కాగితం ఆరంగులాలన్నది,
టేపు నాలుగుంబావన్నది.
కంట్రాక్టరు నవ్విండు:
"అమ్మా, ఇది జాకెట్టు కాదు."
"జాకెట్టయితె
గింత గుడ్డ తక్కువుంటె
నేను కత్తెరే పెట్టను" అన్నది.

అందరు మారిండ్లని చెప్పను.
మాఫీ ఎన్నడని అడిగినోడే
దవాఖానల మంచం లేదని తిడ్తడు.
వడ్డీ మాఫీ అన్న నాడు
ముందుగాల కట్టినోల్లు
నా మొకం మీదనే అన్నరు,
"అయితె మేం పిచ్చోల్లమా?"
గీ మాట రాసుకునే ఖానా
ఏ రిజిస్టర్ల లేదు.

రిటైరయినంక నేను గూడ లైన్ల నిలబడ్డ.
పాత ఆరేండ్లది, వడ్డీతోని.
కౌంటర్ల పిల్ల మిషను నొక్కితె
ఉల్లిపొరసొంటి చీటి అచ్చింది.
రెండు నెలల ఎండకు
అచ్చరాలు ఎగిరిపోయినయి.

సాంబలక్ష్మి మనుమరాలు స్రవంతికి చూపిస్తె
నన్ను లోపలికి తోల్కపోయి గోడ చూపింది.
బురద గీత మీద సున్నం ఎయ్యలే ఆ పిల్ల.
గీతకు పైన, బొగ్గుతోని: ఇచ్చింది.
గీతకు కింద: అచ్చింది.
పైన తారీఖులతోని తొమ్మిది అంకెలు.
కింద చానరోజులు ఉత్త గోడ.

నిన్న మల్ల పోయి చూసిన.
కింద ఒక్క ముక్క రాసున్నది.
"స్తంభానికి లైటు.
వెలుగుతది, ఆరుతది."