చేబదులు

పోర్తోలో వాన పట్టి మూడో రోజు.
దోరు నది మీంచి లేచిన మంచు
వర్క్‌షాపు కిటికీకి ముఖం ఆనించి లోపలికి చూస్తోంది.
బల్ల మీద మూడు కంప్యూటర్లు.
వాటి మధ్య పాత తువ్వాలు పరిచి
ఒక నీలి పలక, పద్నాలుగు సెంటీమీటర్ల చదరం.
కుడివైపు కింది మూల విరిగిపోయింది.

ఎవరో రాత్రికి రాత్రి ఒక ఇంటి గోడ నుంచి
పదకొండు పలకలు ఊడబెరుక్కుపోయారు.
పడిపోయి మిగిలింది ఇదొక్కటే.
జుల్మీర చెయ్యాల్సింది పదకొండు నకళ్లు.
నేను చెయ్యాల్సింది ఒక్క మీట,
బొమ్మను ఇక్కడ ఎత్తి అక్కడ దించేది.
"అదెంతసేపు?" అంది.
నేనూ అదే అనుకున్నాను, సోమవారం.

విండోస్ దుకాణదారు.
ఇచ్చిందాన్ని చుక్కచుక్కా లెక్కపెట్టి
తన క్లిప్‌బోర్డ్ పెట్టెలో వేసుకుంటుంది.
నువ్వు కొట్టు కట్టేసి వెళ్లిపోయినా సరుకు భద్రం.
కానీ ఏమీలేనిదాన్ని ఎలా తూచాలో దానికి తెలీలేదు,
విరిగిన మూలను నల్లగా నింపి ఇచ్చింది.
జుల్మీర కళ్లద్దాలు పైకి తోసి చూసింది.
"అక్కడ నలుపు లేదు.
అక్కడ లేదు, అంతే."

మ్యాక్ మర్యాద మనిషి.
ఒకే బొమ్మను నాలుగు రూపాల్లో పళ్లెంలో పెట్టి
మీకేది కావాలో తీసుకోండి అంటుంది.
ఖాళీని ఖాళీగానే ఉంచింది, సంతోషించాను.
తీరా అతికిస్తే పలక రెండింతలైంది.
వద్దన్నా వినకుండా మారు వడ్డించే ఇల్లాలు.

మూడోది, ఎవరో వదిలేసి పోయిన పాత పెట్టె, లినక్స్.
అది దేన్నీ దాచదు.
మాట ఇస్తుంది.
"బొమ్మ నా దగ్గరుంది, కావలసినవాళ్లు అడగండి."
అడిగిననాడే అందిస్తుంది.
ఈలోగా ప్రోగ్రాం మూసేశావా,
అడిగినవాడి చేతిలో గాలి.
తప్పు జరిగిందన్న కబురు కూడా రాదు.
చేబదులిస్తానన్న మనిషి
చెప్పకుండా ఊరు దాటిపోయినట్టు.

రెండు రాత్రులు దాన్ని తిట్టాను.
కాఫీ చల్లారింది, మళ్లీ పెట్టాను, మళ్లీ చల్లారింది.

"నాకు అర్థమైంది ఈ మూడోదే" అంది జుల్మీర,
కుంచె కడుగుతూ, నా వైపు చూడకుండా.
ఆమెకు పని నేర్పిన బెల్మీరో
ఈ నీలం పాళ్లు ఎక్కడా రాయలేదట.
"కావాలంటే అడుగు, నేనెక్కడికి పోతాను?"
ఇరవై రెండేళ్లు అదే మాట.
పోయాడు. సెతూబల్‌కి, చెల్లెలింటికి, ఒక మధ్యాహ్నం రైల్లో.
రైలు కదలడానికి ఆరు నిమిషాల ముందు
ప్లాట్‌ఫాం మీద పరుగెత్తి అడిగింది.
కిటికీలోంచి అరిచి చెప్పాడు, బంకమన్ను పాళ్లతో సహా.
చివరి అంకె రైలుకూతలో కలిసిపోయింది.
అందుకే ఆమె నీలం
ఆయన నీలం కన్నా వెంట్రుకవాసి ముదురు.
ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదు.
నాకెందుకు చెప్పిందో తెలీదు.

ఆ సాయంత్రం
కిటికీ లేని ఒక బుల్లి ప్రోగ్రాంని
తెర వెనక కూర్చోబెట్టాను.
పెద్దది మూసేసినా ఇది లేవదు.
మరో బొమ్మ వచ్చి దాని మాటను రద్దు చేసేదాకా
అడిగినవాళ్లకల్లా ఇస్తూనే ఉంటుంది.
దాని పనల్లా కాచుకోవడం.

పదకొండు కొత్త పలకలు కొలిమి దిగాయి.
పాతదాన్ని దాని చోట్లోనే తిరిగి పెట్టారు,
విరిగిన మూలలో ఉత్త సున్నం.
నలుపు కాదు, నీలం కాదు.

తాళం వేస్తూ ఆగింది జుల్మీర.
"అది ఇంకా అక్కడే కూర్చుందా?"

లోపలికెళ్లి చూశాను.
చీకట్లో, జాబితాలో ఒక్క వరుస.
కూర్చునే ఉంది.
ఎవరూ ఇంకా అడగలేదు.