సుత్తి దెబ్బకు

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ వెనక
మిలిటరీ వేలంలో కొన్న లారీ.
తలుపు మీద చెరిపినా చెరగని నంబరు.
ముందు చక్రాలు రివెట్లవి,
వెనకవి వెల్డింగువి.

హుసేనప్ప సుత్తితో తట్టి
చెవి ఒగ్గుతాడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.

"రివెట్టు వదులైతే
చుట్టూ ఎర్రగా తుప్పు కారతాది అబ్బీ,
ముందే చెప్తాది.
ఒకటి పోయినా
తక్కిన పదకొండు మోస్తాయి.
వెల్డింగు నున్నగుంటాది,
గట్టిది కూడా, కాదనను.
పగిలే రేత్రి దాకా నోరిప్పదు."

పాణ్యం దారిలో
నాపబండల కింద పోయిన మద్దిలేటి పేరు
ఎత్తడు.
ఆ అతుకు వేసిందెవరో
నేనూ అడగను.

పాత ఆకుపచ్చ రంగు గీకి
ఇంకోసారి తడతాడు
వెనక చక్రాన్ని.
ఖంగుమంటుంది.
అయినా చెవి తీయడు.