చేప వాసన

అడయారులో మా గది కిటికీ అవతల
ఇరవైమూడు సి బస్సు ఆగుతుంది.
ఇవతల నేను మాత్రలు లెక్కపెడతాను.
ఇచ్చినవి తొంభై. వాడాల్సినవి ఎనభై నాలుగు.
తిరిగి రావాల్సినవి ఆరు.
నా ఉద్యోగం ఆ ఆరు.

ఏ సీసాలో మందో, ఏ సీసాలో సుద్దో నాకు తెలియదు.
డాక్టరు సెల్వనాయకికీ తెలియదు.
తెలిసిన కవరొకటి మైలాపూరులో ఏదో బీరువాలో
లక్కముద్ర వేసుకుని పడుకుంది.

మందు కొత్తదేం కాదు.
చక్కెర జబ్బువాళ్ళు టిఫినుకు ముందో వెనకో మింగేదే.
పుట్టకురుపు మీద కూడా పనిచేస్తుందేమోనని
ఒక అనుమానం, అంతే.
పేటెంటు ఎప్పుడో పోయింది.
ఎవరైనా చేసుకోవచ్చు గనక
ఎవరికీ పట్టలేదు.
గెలిస్తే బాగుపడే కంపెనీ లేనిచోట
పందెం ఎవరు కాస్తారు?
మూడేళ్ళు ఉత్తరాలు రాశాం.
చివరికి చింతాద్రిపేటలో ఫ్యాన్లు అమ్మే ఒకాయన
భార్య పేరు మీద డబ్బిచ్చాడు.
రసీదులో ఆమె పేరు ముందు
కీ.శే. అని టైపు చేసింది నేనే.

పామంజి మస్తానమ్మ కాసిమేడులో ఎండుచేపలమ్ముతుంది.
పుట్టింది తూపిలిపాళెం.
నలభై ఏళ్ళుగా ఇక్కడే, ఇంకా మద్రాసే అంటుంది.
కీమో ఆమె జుట్టు తీసుకుంది, నాలుక మీది రుచి తీసుకుంది,
ముక్కు జోలికి పోలేదు.

రెండో నెల, సీసా మూత తిప్పి
నా మొహం ముందు పెట్టింది.
"వాసన చూడమ్మే.
మా ఆయన చక్కెర మాత్రా ఇంతే, పచ్చిచేప కంపు.
సుద్దముక్క ఇట్టా కంపు కొడతాదా?
నాకు అసలుదే పడింది."

నిజమే, ఆ మాత్రకి ఆ వాసనుంది.
నాలుగొందల మంది రోగుల్నీ, ఆరుగురు ప్రొఫెసర్లనీ
కళ్ళకు గంతలు కట్టి నడిపిస్తున్న వ్యవహారాన్ని
నెత్తళ్ళమ్మే ముక్కొకటి
నిలబడ్డపాటున విప్పేసింది.
నేను నవ్వకూడదు.
నవ్వాను.

"రూపాయో రూపాయిన్నరో చేసే మాత్ర," అంది,
"ఇంత రోగానికి ఆనతాదా?"
తెలీదమ్మా, తెలుసుకోడానికే ఇదంతా, అన్నాను.
ఆ వాక్యం నాకు మూడు భాషల్లో కంఠతా వచ్చు.
"చవకని అడగలా నేను.
ఉప్పు కిలో ఎంత?
అది లేకపోతే ఏ చేప నిలబడతాది?"
సంచీ సర్దుకుని బస్సుకు పోయింది.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
రోగి తన మందును గుర్తుపట్టినట్టు అనుమానం, అని రాయాలి.
పెన్ను పక్కన పెట్టి, బీరువా తీసి
అంబత్తూరు లేతుపనివాడి సీసా మూత తిప్పాను.
అదే కంపు.
తిరువొత్తియూరు టీచరుది. అదే.
ఇంకొకటి. ఇంకొకటి.
సుద్దకీ ఆ వాసన అద్దారు ఎవరో,
మాకంటే ముందే మస్తానమ్మను ఊహించినవాళ్ళు.

ఆమెకు చెప్పలేదు.
ఏం చెప్పాలి? మీది అసలుది కాదనా? అదీ నాకు తెలియదే.
ఆ రాత్రి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.
పోలేదు.

నాలుగో నెల స్కానులో గడ్డ పెరగలేదు.
తగ్గిందని కాదు. పెరగలేదు.
సెల్వనాయకి ఆ మాట రాసి పేజీ తిప్పేసింది.
కీమో వల్లా కావచ్చు, ఒక్క మనిషి జవాబు కాదు, అంది,
నేనేమీ అడగకుండానే.

కిందటి గురువారం మస్తానమ్మ వచ్చింది.
పాత తమిళ పేపరులో చుట్టిన నెత్తళ్ళు బల్ల మీద పెట్టింది.
రోగుల దగ్గర ఏదీ తీసుకోకూడదని నిబంధన.
పొట్లం సొరుగులోకి జరిపి సీసా వంచాను.

ఆరుండాలి.
ఏడు.
మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.
"ఒక పూట మానేశా," అంది, గోడకేసి చూస్తూ.
"తుఫాను రోజు. అబ్బాయి పడవ తెల్లారినా రాలా."
వచ్చిందా? అన్నాను.
"వచ్చింది, వచ్చింది."

కారణం అనే గడిలో రాశాను:
గాలివాన. కొడుకు పడవ ఆలస్యం.
గడి చిన్నది.
అక్షరాలు పక్కవాళ్ళ గడిలోకి పోయాయి.