ఏడు ఇరవైలూ నాలుగు

ఇంట్లో దాని పేరు సంపంగి.
హాజరు పట్టీలో శెంబగం.
పూవు ఒకటే గదా అంది టీచరమ్మ.
రెండు కార్డుల్లో రెండు పేర్లుంటే
ఇద్దరు ఆడపిల్లలు, ఒకర్ని చూపించండంటాడు
రేషన్ షాపువాడు.

కూవం ఒడ్డున గుడిసె ఉన్నప్పుడు
బడి గంట ఇంట్లోకే వినిపించేది.
మొహం కడుక్కుంటూ వినొచ్చు,
జడ సగంలో ఉండగా పరిగెత్తొచ్చు.
హాఫియర్లీ పరీక్షలకి ముందు బుధవారం
లారీల్లో మమ్మల్ని ఎత్తి
పెరుంబాక్కంలో ఎనిమిదో అంతస్తులో పోశారు.
తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీశారు.
లిఫ్టు ఆ ఫొటో రోజు పనిచేసింది.

ఇక్కడి బడిలో చోటు లేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు.
అందుకని ఐదింటికే లేస్తుంది.
రెండు బస్సులు.
మొదటిదాంట్లో నిలబడి నిద్ర,
రెండోదాంట్లో ఎక్కాలు.
చేరేసరికి శెంబగాన్ని పిలవడం అయిపోయి ఉంటుంది.
కళ్లెదుట చెమటలు కారుతున్న పిల్ల
పట్టీలో లేదు.

నాకు పదిలో నాలుగు వందల పన్నెండు.
ఆ కాగితం అమ్మ బియ్యం డబ్బాలో దాచింది.
పై చదువుకి జాతి సర్టిఫికెట్ తెమ్మన్నారు.
నీకు కావాలంటే మీ నాన్నది తే.
నాన్నకి లేదు. నాన్న నాన్నకి లేదు.
అందుకని కాగితం బదులు
తాతనే తీసుకుపోయాను తాసిల్దారు ఆఫీసుకి.

"కాట్టునాయకన్ అంటే అడవికి నాయకుడు.
అడవేదీ?" అన్నాడు ఆఫీసరు, నవ్వుతూనే.
తాత కిటికీలోంచి చూశాడు.
జిరాక్స్ షాపు, టీ బంకు, ఫ్లైఓవరు కాళ్లు.
"ఇక్కడే ఉండేది సామీ" అన్నాడు.

"మీ భాషలో ఏదన్నా చెప్పు."
తాత తేనెపట్టు గురించి చెప్పాడు,
ఏ ఆకుతో పొగ పెట్టాలో,
ఈగలకి ఎంత వదిలి రావాలో.
ఆఫీసరు ఈగల దాకా వినలేదు.
"ఇది తెలుగులా ఉందే, ఆంధ్రాకి పొండి."

సూళ్లూరుపేటలో మా అత్త పిల్లల్ని
మీది అరవ యాస, మద్రాసుకి పొండి అన్నారంట.
మధ్యలో లోకల్ రైలు ఉంది.
టికెట్ కొన్నంత సేపూ
అందులోంచి ఎవరూ పొమ్మనరు.

ఇప్పుడు చెత్త బండి నడుపుతాను. బ్యాటరీది.
తడి వేరు, పొడి వేరు.
ఏప్రిల్‌లో అపార్ట్‌మెంట్ల పొడి చెత్తలో
పుస్తకాలొస్తాయి, ఒక్క పేజీ మడత పడనివి.
సైన్సుది తెచ్చిచ్చాను. అంతా ఇంగ్లీషు.
సంపంగి బొమ్మలు చూసి, సారు చెప్పింది గుర్తు తెచ్చుకుని
"కప్ప గుండెకి మూడు గదులన్నా,
మనకి ఒకటే" అంది.

ఇదంతా నేను చెప్తుంటే
నాతో బండి తోలే నెల్లూరు పెంచలయ్య రాస్తున్నాడు,
నాకు తెలుగు అక్షరాలు రావు.
సంపంగి కాగితం తిప్పి తిప్పి చూసింది.
"ఇవి మన మాటలా?
జాంగ్రీల్లా ఉన్నాయే."

రాత్రి కరెంటు పోతే
మెట్లు లెక్కపెట్టుకుంటూ వస్తుంది, తాత లెక్కలో.
తాతకి ఇరవై దాకానే వచ్చు.
ఆ తర్వాతేంటని అడిగితే
"ఇరవై దాటి మన దగ్గర ఏముండేదే" అన్నాడు.
అందుకని ఇరవై కాగానే గోడ మీద బొగ్గుతో గీత,
మళ్లీ ఒకటి.
మా గడపకి ఏడు ఇరవైలూ నాలుగు.

ఆ చివరి నాలుగు దగ్గర ఆగిపోతుంది, ఆయాసం.
చీకట్లోంచి తాత అడుగుతాడు:
"ఎవరది? సంపంగా, శెంబగమా?"

జవాబు రావడానికి కాస్త టైము పడుతుంది.