నడుం చాప

లిఫుకా దీవిలో, చర్చి హాలు పక్కగదిలో
బుధవారం పొద్దున్నే వరస కట్టారు
పదో తరగతి పిల్లలు నలభై ఒక్కమంది,
రాత్రి ఎనిమిది నుంచీ ఏమీ తినకుండా.
తినలేదనే అన్నారు అందరూ.
సియోయెలి పెదవి చివర మాత్రం
కొబ్బరి రొట్టె పొడి.

టేపు తీశాను.
ముందు చాప విప్పాలి.
మా దీవుల్లో నడుముకి చాప చుట్టుకోకుండా
బడికి, గుడికి, పెద్దల ముందుకి రావడమంటే
ఒంటిమీద సగం బట్ట లేనట్టే.
కొబ్బరి పీచు తాడు ముడి విప్పుతూ
ఒక్కరూ నా వైపు చూడరు.
ఏ మేనత్తో అల్లిన మొగలాకు చాప
ఇంకా ఒంటి వేడితోనే నా చేతికొస్తుంది.
నేల మీద పెట్టలేను.
ఒళ్ళో పెట్టుకునే కొలుస్తాను.

"ఊపిరి బిగబట్టకు తల్లీ, వదిలెయ్."
వదలరు. పదిహేనేళ్ళకి ఎవరు వదుల్తారు?
ఎనభై ఎనిమిది. తొంభై నాలుగు. నూట రెండు.
అంకె పైకి చదవను,
అయినా గదంతా వింటుంది.

తర్వాత రక్తపోటు. తర్వాత వేలి చివర సూది.
తర్వాత మూడు గొట్టాల నెత్తురు
ఐసు పెట్టెలో, మధ్యాహ్నం విమానానికి.
అయిదు లెక్కల్లో మూడు తప్పితే
దానికో పేరుంది, రాజధాని నుంచి వచ్చిన కాగితంలో.
ఆ పేరు మా అమ్మకి చెప్పబోయి ఊరుకున్నాను.
ఆవిడ నోట లావు అన్నమాట
ఎప్పుడూ దీవెనే.

సోవకాయి వచ్చాడు. రగ్బీ ఆటగాడు, నూట పద్ధెనిమిది కిలోలు.
తూకం యంత్రం మూలిగిందని వెనక నవ్వులు.
పోటు బాగుంది. చక్కెర బాగుంది.
వాడికి కుర్చీ మోసుకొచ్చిన కెలెపి
పుల్లలాంటి వాడు, తాడు రెండు చుట్లు తిరిగినా మిగులుతుంది,
సరదాకి వేలు చాపాడు.
ఏడు పాయింట్ ఎనిమిది.
"ఏం తిన్నావు?"
"నిన్న మధ్యాహ్నం నుంచి ఏం లేదు."
"పరీక్ష కోసమేనా?"
వాడు కుర్చీ కాలు సరిచేస్తూ ఉండిపోయాడు.

హెయిలలా జడ పక్కకి తీసింది.
మెడ వెనక మడతల్లో మఖమల్ లాంటి నలుపు,
దాని మీద అడ్డంగా ఎర్రటి గీతలు.
"రోజూ కడుక్కుంటాను నెసీ.
శనివారం శనివారం మా పెద్దమ్మ
నురగరాయి పెట్టి రుద్దుతుంది.
చర్చిలో వెనకవరసవాళ్ళు చూస్తారని."

అది మురికి కాదమ్మా.
లోపలి సంగతి చర్మానికి ముందు తెలిసింది, అంతే.
"అయితే జబ్బా?"
ఇంకా కాదు.
"మరి ఏమని రాస్తావు?"
కాగితంలో రెండే గడులున్నాయి,
అవును, కాదు.
పెన్ను రెండింటి మధ్యా కాసేపు నిలబడింది.

చాప మళ్ళీ నేనే చుట్టాను. "ఎంత బిగించను?"
"ఎప్పుడూ కట్టుకున్నంతే."

సాయంత్రం వాళ్ళ పెద్దమ్మ ఇంటికెళ్ళాను.
మోకాలి కింద కాలు లేదావిడకి.
రాయి గట్టు మీద ఆరబెట్టి ఉంది.
చెప్పాల్సినవన్నీ చెప్పాను:
ఓడలో దిగే గొర్రె కొవ్వు ముక్కలు, డబ్బా మాంసం,
ఎర్ర రంగు సోడా.
"చేపలు కూడా ఆ ఓడలోనే పోతాయి,"
అందావిడ, "వెళ్ళేటప్పుడు."
నా దగ్గర దానికి కరపత్రం లేదు.
లేస్తూ లేస్తూ రాయి అడిగాను. ఇచ్చింది.

ఆదివారం ఫాకమే, పిల్లల పండగ.
ఏడాదికి ఆ ఒక్కపూట పిల్లలు ముందు కూర్చుంటారు,
పెద్దలు వడ్డిస్తారు.
తెల్ల గౌనులో హెయిలలా లేచి
బైబిలు వాక్యం తడబడకుండా చెప్పింది.
మెడ మీద కొత్త గీతలు లేవు.
కెలెపి మూడోసారి ప్లేటు చాపాడు.
చామాకులో చుట్టి ఉడికించిన మాంసం,
కొబ్బరి పాలు కారుతూ.

వడ్డించింది నేనే.