మొదటి శనివారం

ఫిర్యాదు చేద్దామనే వెళ్ళాను.
ఊయల కింద మడుగు,
మా పాప బూట్లు మూడోసారి తడిసి,
అనాల్సిన మాటలన్నీ ఇంట్లోనే ఇంగ్లీషులో పేర్చుకుని
స్వాన్సీలో మా కొండ దిగువ పార్కుకి
మొదటి శనివారం పొద్దున్నే వెళ్ళాను.

అక్కడ ఆఫీసేం లేదు.
తుప్పు పట్టిన షెడ్డు, దాని ముందు
మోకాళ్ళ దాకా బురదతో
డెబ్భై దాటిన గ్లెనిస్.
మొత్తం విన్నది. మధ్యలో అడ్డు రాలేదు.
"నిజమే" అంది,
నా చేతిలో పార పెట్టింది.

పార పట్టుకుని కోపంగా ఉండటం కష్టం.
ప్రయత్నించి చూశాను.

తోటమాలి ఉద్యోగం కౌన్సిల్ తీసేసి ఆరేళ్ళట.
గడ్డి కోసే బండి ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది,
మిగతాదంతా వీళ్ళే:
బస్సు నడిపి రిటైరైన ఆల్విన్,
మాటకంటే ముందు దగ్గు వస్తుంది ఆయనకి.
ఏ కలుపు మొక్కనైనా
పూర్తి పేరుతో పిలిచాకే పీకే
బయాలజీ టీచరు ఫర్హియా.
చెవుల్లోంచి పాట తీయని కుర్రాడు గెథిన్,
కోర్టు వేసిన గంటలు మార్చిలోనే అయిపోయాయి,
ఇంకా ఎందుకొస్తున్నాడో ఎవరూ అడగరు.

తిలాపాపం తలా పిడికెడంటారు కదా,
ఇక్కడ పిడికెళ్ళు చాలవు,
తలా ఒక తట్టెడు.

ముసురు పట్టింది. గొడుగు తెచ్చింది నేనొక్కదాన్నే.
సిగ్గేసి మడిచేశాను.
"ఇక్కడే ఎక్కడో ఇనప జాలీ ఉండాలి"
ఆల్విన్ కర్రతో నేల తట్టుకుంటూ నడిచాడు,
వైద్యుడు వీపు మీద వేళ్ళతో తట్టినట్టు.
"ఎలా గుర్తు?" అన్నాను.
దగ్గాడు.
"నలభై ఏళ్ళ కిందట మా ఆవిడ
ఉంగరం తీసి నా మొహాన విసిరింది.
నాకు తగల్లేదు. అందులో పడింది."

టంగుమంది.

మట్టి తీసి, జాలీ లేపి, వంతుల వారీగా
చేతులు లోపలికి పెట్టాం.
నానిన చింతపండులా నల్లటి ఆకులు,
టెన్నిస్ బంతి, కాలు విరిగిన బొమ్మ గుర్రం,
ఏ భాషా మిగలని చిప్సు కవరు.
వెతకమని ఆయన అనలేదు.
వెతుకుదామని మేమూ అనుకోలేదు.
కానీ ప్రతి పిడికెడూ
తట్టలో పడేముందు
వేళ్ళ మధ్య ఒకసారి నలిగింది.

దొరకలేదు.

ఉన్నట్టుండి గుటక వేసిన చప్పుడు.
ఊయల కింది మడుగు కదిలింది,
దారి గుర్తొచ్చినట్టు వంకర తిరిగి
మా బూట్ల పక్కనించి పోయింది.
అందరం నిలబడి విన్నాం,
నీళ్ళు పోవడం కూడా వినదగ్గ సంగతేనని
నాకు అంతదాకా తెలీదు.
"బాగానే పోతోంది" అన్నాడు ఆల్విన్.
ఆవిడిప్పుడెలా ఉన్నారని అడగబోయి
పార కడుక్కున్నాను.

ఇప్పుడు షెడ్డు తాళం నా దగ్గరే.
వాన పడే రాత్రి, ఇంట్లో పప్పు పోపు పెడుతూ
జాలీ మీద ఆకులెన్ని పడుంటాయో లెక్కేస్తాను.
పోయిన నెల ఒకాయనొచ్చి
కుక్కల గురించి గట్టిగానే మాట్లాడాడు.
చీపురిచ్చాను.
పన్ను కడుతున్నానన్నాడు, వెళ్ళిపోయాడు.
సరే. చలి కూడా వేస్తోందిలే.

జాలీ మళ్ళీ పూడింది, మళ్ళీ లేపాం.
గెథిన్ ఆ రోజు పాట ఆపేసి
బురదలో బోర్లా పడుకుని
భుజం దాకా చెయ్యి దింపాడు,
చెంప నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని.
నీళ్ళు ఎప్పుడో కదిలాయి.
వాడింకా లేవలేదు.